నైట్ ఈవెంట్ ఉన్న రోజున పగటి టికెట్ ఎంతకు అమ్మాలి? ఒక విశాఖ పార్క్ కేస్ స్టడీ

విశాఖ శివార్లలో వాటర్ రైడ్లు, డ్రై రైడ్లు రెండూ ఉన్న ఒక మధ్యరకం అమ్యూజ్‌మెంట్ పార్క్ ఉంది. పేరు బయటపెట్టకూడదన్నది మా ఒప్పందం. మామూలు రోజుల్లో ఉదయం పదిన్నరకు తెరిచి రాత్రి ఏడింటికి మూస్తారు. శీతాకాలంలో ఎంచుకున్న కొన్ని రోజులు సాయంత్రం ఐదుకే మూసేసి, ఆరు నుంచి పది దాకా వేరే టికెట్ మీద నైట్ ఈవెంట్ నడపాలని యాజమాన్యం నిర్ణయించింది. లైటింగ్, డీజే, ఫుడ్ స్టాళ్లు, తక్కువ జనం, క్యూ లేకుండా రైడ్లు. మొదటి విడత నడిపారు కూడా. ఈవెంట్ ఉన్న ప్రతి రాత్రీ కలెక్షన్ బాగానే వచ్చింది. తీరా నెలాఖరున లెక్క చూసుకుంటే ఆ డబ్బు ఎటు పోయిందో అర్థం కాలేదు.

టూరిజం వ్యాపారాలకు ధరలు కట్టడం నా పని. నా ముందు పెట్టిన ప్రశ్న ఒక్కటే: నైట్ టికెట్ 1200 ఉంచాలా, 1500 చేయాలా? పార్క్‌కు వెళ్లి రెండు పూటలూ చూశాక, ముందు తేల్చాల్సింది పగటి టికెట్ సంగతని చెప్పాను. ఆ మాట మొదట్లో ఎవరికీ రుచించలేదు. ఎందుకలా అన్నానో వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మన దగ్గర ఇలాంటి ఈవెంట్లు పెరుగుతున్నాయి, అందరూ రాత్రి లెక్క ఒక్కటే చూస్తున్నారు.

టికెట్‌లో అమ్ముతున్నది ఏమిటి

కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ 1955లో తెరిచినప్పుడు లోపలికి వెళ్లడానికి ఒక టికెట్, రైడ్లకు వేరే కూపన్లు ఉండేవి. తర్వాత 'A' నుంచి 'E' దాకా తరగతులు పెట్టి కూపన్ పుస్తకాలు అమ్మారు. 1982లో వాటిని తీసేసి, ఒకే టికెట్‌తో అన్ని రైడ్లూ ఎక్కే పద్ధతి తెచ్చారు. ఇప్పుడు మన పార్కుల్లోనూ ఎక్కువగా నడిచేది ఇదే.

కూపన్ల కాలంలో గేటు త్వరగా మూసినా వాడని కూపన్లు జేబులో ఉండేవి, ఇంకోసారి వచ్చినప్పుడు వాడుకోవచ్చు. ఒకే టికెట్ పద్ధతిలో మనిషి కొనుక్కునేది గంటలు. రెండు గంటలు ముందు మూస్తే అతను డబ్బు కట్టి కొన్న సరుకులో కొంత వెనక్కి తీసుకున్నట్టే. తూకం తగ్గించి పాత ధరకే అమ్మితే కిరాణా కొట్టులో ఎవరూ ఊరుకోరు, ఇక్కడా అంతే.

ఫ్లోరిడాలోని డిస్నీ పార్క్ మ్యాజిక్ కింగ్‌డమ్‌లో క్రిస్మస్ పార్టీ 1983లో, హాలోవీన్ పార్టీ 1995లో మొదలయ్యాయి. రెండూ వేరే టికెట్ మీదే. పార్టీ ఉన్న రోజున మామూలు టికెట్ వాళ్లకు సాయంత్రం ఆరుకు ముగుస్తుంది. పార్టీ ఏడు నుంచి అర్ధరాత్రి దాకా. పార్టీ టికెట్ ఉన్నవాళ్లు నాలుగు నుంచే లోపలికి రావచ్చు. 2023లో హాలోవీన్ పార్టీ టికెట్ తేదీని బట్టి 109 నుంచి 199 డాలర్ల దాకా ఉండేది. మా పార్క్ వాళ్లు ఈ పద్ధతి చూసే ముందుకు దిగారు.

కానీ అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది మూడు నాలుగు రోజుల టికెట్లతో వస్తారు. అదే రిసార్ట్‌లో నాలుగు పార్కులున్నాయి, ఒకటి ఆరుకు మూస్తే ఇంకోదానికి వెళ్లే టికెట్ కూడా దొరుకుతుంది. పైగా పార్టీ రోజుల్లో పగలు జనం పలచగా ఉంటారని తెలిసినవాళ్లు ఏరికోరి ఆ రోజుల్లోనే వెళ్తారు. బొబ్బిలి నుంచో పాలకొండ నుంచో పిల్లల్ని తీసుకుని విశాఖ వచ్చిన కుటుంబానికి ఉన్నది ఆ ఒక్క రోజే. ఐదుకు గేటు మూస్తే ఇంకో పార్క్ లేదు, మళ్లీ వస్తారన్న నమ్మకమూ లేదు. సమయాలు మాత్రం అక్కడివి తెచ్చుకుని ఈ తేడా వదిలేస్తే నష్టం తప్పదు.

లాకర్ల పుస్తకం

ఎవరు ఎన్ని గంటలకు వస్తున్నారో టికెట్ కౌంటర్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఎన్ని గంటలకు వెళ్తున్నారో మాత్రం ఎక్కడా లేదు. నాకు కావలసింది అదే. పార్కింగ్ స్లిప్పుల మీద బయటికి వెళ్లే టైమ్ కొడతారు, అది కార్లు, బైకుల వరకు పనికొచ్చింది. మిగతాది లాకర్ల కౌంటర్‌లో దొరికింది. తాళంచెవి ఇచ్చేటప్పుడు డిపాజిట్ తీసుకుంటారు, తిరిగి ఇచ్చాక వాపసు చేస్తారు. కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి దానికొక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకుంది. లాకర్ నంబరు, డిపాజిట్, ఇచ్చిన టైమ్, తెచ్చిన టైమ్, సంతకం. తడి చేతులతో పెట్టిన సంతకాల వల్ల సగం పేజీల్లో ఇంకు అలుక్కుపోయింది కానీ టైములు మాత్రం ఆమె చేత్తో శుభ్రంగా ఉన్నాయి. మొత్తం పార్క్‌లో నాకు అన్నిటికంటే పనికొచ్చిన రికార్డు అదే.

ఆ రెండూ కలిపి చూస్తే పగటి జనం రెండు రకాలని తేలింది.

మొదటి రకం బయటి ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లు. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి, అటు ఒడిశాలో కోరాపుట్, రాయగడ నుంచి. తెల్లారుజామున బయల్దేరి, చాలామంది సింహాచలం దర్శనం చేసుకుని, పదకొండు పన్నెండు మధ్య గేటు దగ్గరకు చేరతారు. నాలుగున్నరకల్లా బట్టలు మార్చుకుంటారు, చీకటి పడేలోపు బీచ్ రోడ్డు, సబ్‌మెరైన్ మ్యూజియం చూసి వెనక్కి పోవాలి కాబట్టి. పార్క్ ఐదుకు మూసినా, ఏడుకు మూసినా వీళ్లకు పెద్దగా తేడా లేదు.

రెండో రకం ఊళ్లోవాళ్లు. మధురవాడ, గాజువాక, ఎంవీపీ కాలనీ. మధ్యాహ్నం భోజనం చేసి, ఎండ తగ్గాక రెండున్నర మూడుకు వస్తారు. స్టీల్ ప్లాంట్‌లో పొద్దుటి 'A' షిఫ్ట్ చేసేవాళ్లు రెండింటికి డ్యూటీ దిగి, ఇంటికెళ్లి కుటుంబంతో వచ్చేసరికి మూడున్నర. వీళ్లకు పార్క్ అంటే నాలుగు నుంచి ఏడు దాకా ఉన్న సమయమే. ఐదుకు మూస్తే వీళ్ల టికెట్‌లో మిగిలేది ఏమీ లేదు.

నైట్ ఈవెంట్ ఎవరి కోసమో ఇప్పుడు ఆలోచించండి. రాత్రి పదికి పార్క్ నుంచి బయటపడి ఇంటికి చేరగలిగేది ఊళ్లోవాళ్లే. అంటే ఎవరి సాయంత్రాన్ని కత్తిరించారో, వాళ్లకే ఆ సాయంత్రాన్ని ఎక్కువ ధరకు తిరిగి అమ్ముతున్నారు. కొందరు కొన్నారు. కొందరు కోపగించుకుని మానేశారు. రాత్రి కలెక్షన్‌లో కొన్నవాళ్లు కనిపిస్తారు, మానేసినవాళ్లు ఏ లెక్కలోనూ కనిపించరు.

ఒక ఈవెంట్ రోజు ఐదింటికి ఎగ్జిట్ దగ్గర నిలబడ్డాను. ఇద్దరు పిల్లలు, తల తడి ఇంకా ఆరలేదు. తండ్రి సెక్యూరిటీ అతన్ని నిలదీస్తున్నాడు.

"ఏటి బాబూ, రెండున్నరకి కదా టికెట్టు కొన్నాం. ఐదుకి మూసేస్తామని ఆ కౌంటర్లో ఒక్కడైనా చెప్పాడా? అంత డబ్బెట్టి కొన్నది ఈ రెండు గంటలకా?"

"నాకేటీ తెలీదండి, ఆఫీసులో అడగండి."

ఆఫీసులో అతనికి దొరికింది నైట్ టికెట్ మీద చిన్న డిస్కౌంట్. అది తీసుకోకుండా వెళ్లిపోయాడు. అతని స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి.

లెక్క

పార్క్ అసలు అంకెలు చెప్పలేను. కింద వేసినవి లెక్క నడక తెలియడానికి తీసుకున్న గుండ్రటి అంకెలు, పన్ను కలపనివి. టికెట్ మీద జీఎస్టీ ఎలాగూ వేరే కట్టాలి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు అమ్యూజ్‌మెంట్ పార్కులకు 28 శాతం ఉండేది, 2018 జనవరిలో 18కి తగ్గించారు.

మామూలు రోజున 1500 మంది వస్తారనుకుందాం. టికెట్ 900, లోపల తిండికి తలకు 200. మొత్తం 16.5 లక్షలు.

ఈవెంట్ రోజున ఐదుకు మూసి పగటి టికెట్ అదే 900 ఉంచితే 1100 మందే వచ్చారనుకుందాం. సాయంత్రం స్నాక్స్ బేరం పోతుంది కాబట్టి తిండి 150కి పడుతుంది. మొత్తం 11.55 లక్షలు. పగటి పూట 4.95 లక్షలు తగ్గింది.

రాత్రి 600 మంది, టికెట్ 1200, తిండి 250. మొత్తం 8.7 లక్షలు. అదనపు సిబ్బంది, సౌండ్, లైటింగ్, డీజిల్, వాహనాలకు 2.5 లక్షలు తీసేస్తే 6.2 లక్షలు మిగులు. యాజమాన్యం చూసి సంబరపడింది ఈ 6.2 లక్షల్నే. పగలు పోయిన 4.95 తీసేస్తే నిజంగా మిగిలింది 1.25 లక్షలు.

ఇంకో మెట్టు ఉంది. రాత్రి వచ్చిన 600 మందిలో 150 మంది ఈవెంట్ లేకపోతే అదే నెలలో ఇంకో రోజు మామూలు టికెట్‌తో వచ్చేవాళ్లే అనుకుంటే, తలకు 1100 చొప్పున 1.65 లక్షలు వేరే రోజుల నుంచి ఇక్కడికి మారాయంతే. అప్పుడు 1.25 లక్షల లాభం కాస్తా 40 వేల నష్టమవుతుంది. నెలాఖరున డబ్బు కనిపించకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు పగటి టికెట్‌ను ఈవెంట్ రోజుల్లో 750 చేద్దాం. తిండితో కలిపి తలకు 900. 11.55 లక్షలు రావాలంటే 1284 మంది కావాలి. 1100 మీద ఇంకో 184 మంది, అంటే నాలుగు స్కూల్ బస్సులు. అంతకు మించి ఎంతమంది వచ్చినా లాభమే. 1350 మంది వస్తే పగటి కలెక్షన్ 12.15 లక్షలు, ధర తగ్గించాక 60 వేలు ఎక్కువ.

ఆ నాలుగు బస్సులు ఎక్కడి నుంచి వస్తాయో లాకర్ల పుస్తకం అప్పటికే చెప్పింది. ఎలాగూ నాలుగున్నరకే బయటపడే బయటి ఊళ్ల గ్రూపులకు ఈ టికెట్ సూటిగా సరిపోతుంది. వాళ్లు ఏమీ కోల్పోకుండా తలకు 150 మిగుల్చుకుంటారు. స్కూల్ టూర్లు పట్టే ఏజెంట్లకు ఇంతకంటే మంచి మాట ఇంకేం కావాలి?

"తక్కువకు అలవాటు చేస్తే మామూలు రోజుల్లో కూడా అదే అడుగుతారండీ" అని యజమాని అభ్యంతరం చెప్పారు. ఆయన భయం సహజమే, విశాఖలో బేరం ఆడకుండా ఎవరు టికెట్ కొంటారు? దానికి నా జవాబు, దాన్ని డిస్కౌంట్ అని ఎక్కడా రాయొద్దని. డిస్కౌంట్ అంటే అదే సరుకు తక్కువకు ఇవ్వడం. ఇది తక్కువ గంటల టికెట్, దాని ధర అది. పేరు "డే టికెట్, పదిన్నర నుంచి ఐదు" అని పెట్టించాను. మామూలు రోజు టికెట్ మీద "పదిన్నర నుంచి ఏడు" అని ఉంటుంది. గంటలు పక్కపక్కన కనిపిస్తే ధర ఎందుకు వేరో ఎవరికీ వివరించనక్కర్లేదు.

రాత్రి ధర

ఇక వాళ్లు మొదట అడిగిన ప్రశ్న. రాత్రి అమ్ముతున్నది డీజే అని ఈవెంట్ టీమ్ నమ్మకం. నా లెక్కలో రాత్రి అమ్ముతున్నది గంటకు ఎన్ని రైడ్లు ఎక్కవచ్చన్నది. ఇరవై సీట్ల రైడ్ ఎక్కించి, తిప్పి, దింపడానికి నాలుగు నిమిషాలు పడితే గంటకు 300 మంది ఎక్కుతారు. రాత్రి అలాంటివి ఆరు తెరిస్తే గంటకు 1800 సీట్లు. 600 మంది ఉంటే తలకు గంటకు మూడు రైడ్లు, 900 మంది ఉంటే రెండే. నాలుగు గంటల్లో పన్నెండు, ఎనిమిది. టికెట్లు ఇంకా అమ్ముడుపోతున్నాయి కదా అని 900 దాకా అమ్మితే, తక్కువ జనం ఉంటారని నమ్మి ఎక్కువ ధర పెట్టినవాడిని మళ్లీ క్యూలో నిలబెట్టినట్టే.

అందుకని ముందు సంఖ్యకు పరిమితి, తర్వాత ధర. పై గుండ్రటి అంకెలతోనే 1500 పెడితే 520 మంది వచ్చినా 9.1 లక్షలు వస్తాయి, 1200 దగ్గర వచ్చిన 8.7 కంటే ఎక్కువ. జనం తగ్గి రైడ్లు పెరుగుతాయి. కాబట్టి 1500 వైపే మొగ్గాను, కానీ ఒక షరతుతో. పగటి టికెట్ కొన్నవాళ్లు నాలుగు లోపు కౌంటర్‌లో తేడా కట్టి రాత్రికి కూడా ఉండిపోవచ్చు, రెండు టికెట్లు విడివిడిగా కొన్న దానికంటే తక్కువలో. మధ్యాహ్నం రెండు లోపే రాగలిగే గాజువాక కుటుంబానికి దారి చూపేది ఇదే. లోపల ఉన్నవాళ్లను ఐదుకు బయటికి పంపి, ఆరుకు మళ్లీ క్యూ కట్టించనక్కర్లేకుండా చేతికి రంగు మారిన బ్యాండ్ కట్టేస్తారు. ఇలా మారేవాళ్లు కూడా ఆ పరిమితిలోకే వస్తారు.

చీకటి, నీళ్లు, ఆఖరి బస్సు

ధర కట్టేవాళ్లు సాధారణంగా వదిలేసే ఖర్చులు కొన్ని ఉన్నాయి. వాటిలో పెద్దది నీళ్లది. ఎండలో క్లోరిన్ త్వరగా విరిగిపోతుంది కాబట్టి ఎక్కువ డోసు వేయడం, ఫిల్టర్లలోకి నీళ్లు ఎదురు పంపి కడిగే బ్యాక్‌వాష్ లాంటి పనులన్నీ పార్క్ మూశాకే చేస్తారు. ఏడుకు మూస్తే మనుషులకు చేతినిండా సమయం. పదికి మూస్తే ఆ పని అర్ధరాత్రి దాటుతుంది, పొద్దున్నే నీళ్లు పరీక్షించి గేటు తీయాలి. అదీకాక రాత్రి లైట్ల మెరుపులో కొలను అడుగు లైఫ్‌గార్డ్‌కు సరిగ్గా కనిపించదు. రాత్రి వేవ్ పూల్, స్లైడ్లు తెరవొద్దని గట్టిగా చెప్పాను. రెయిన్ డ్యాన్స్ ఒక్కటి చాలు. ఈ ఒక్క విషయంలో లెక్కలతో పనిలేదు, ప్రాణం సంగతి.

పది గంటల హద్దు చట్టం పెట్టింది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగలప్పుడు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా అనుమతి ఇచ్చే వీలు ప్రభుత్వానికి ఉంది, కానీ దాన్ని నమ్ముకుని వ్యాపారం కట్టకూడదు.

రైడ్ ఆపరేటర్లు, కౌంటర్ అమ్మాయిలు చాలామంది ఆనందపురం, భీమిలి వైపు ఊళ్ల వాళ్లు. పదికి మూసి అన్నీ సర్దేసరికి బస్సులు ఉండవు. ఇంటి దాకా దింపే వ్యాన్ ఖర్చు ఈవెంట్ ఖర్చులో రాయించాను. పొద్దున్న ఎనిమిదికి రైడ్ చెకింగ్‌కు వచ్చిన మనిషి రాత్రి పది దాకా లీవర్ పట్టుకోకూడదు, రెండు బ్యాచ్‌లు తప్పనిసరి.

సూర్యుడు మాత్రం మనకు అనుకూలం. డిసెంబరులో విశాఖలో ఐదున్నరకు ముందే పొద్దు వాలిపోతుంది, ఆరుకు లైటింగ్ నిండుగా కనిపిస్తుంది. మేలో ఆరుకు ఇంకా వెలుగే. పైగా ఎండాకాలం వాటర్ రైడ్లకు అసలు సీజన్, ఆ రోజుల్లో ఊళ్లోవాళ్లు వచ్చేదే సాయంత్రం. ఏప్రిల్, మేలలో గంటలు కత్తిరించే ఆలోచనే వద్దన్నాను. కార్తీక మాసం ఆదివారాలూ అంతే. వనభోజనాల గ్రూపులు రోజంతా ఉండాలని వస్తాయి.

చెప్పాల్సింది ఎప్పుడు చెప్పాలి

మూసే సమయం టికెట్ కొనక ముందే తెలియాలి. వెబ్‌సైట్‌లో డబ్బు కట్టే పేజీకి ముందే, తేదీ పక్కనే ఉండాలి. గేటు బోర్డు మీద తెలుగు, హిందీ, ఒడియా, ఇంగ్లీషుల్లో రాయించాం. బోర్డు మీద గేటు మూసే టైమ్‌తో పాటు రైడ్ క్యూలోకి ఆఖరి మనిషిని వదిలే టైమ్, వాటర్ రైడ్లు ఆగే టైమ్ విడిగా ఉంటాయి. ఐదుకు మూసే రోజున నాలుగుంబావుకే నీళ్లలోంచి రమ్మని పిలుస్తారు, లేకపోతే బట్టలు మార్చుకునే గదుల దగ్గర తొక్కిసలాట. ఆ నలభై ఐదు నిమిషాలు కూడా ధరలో లెక్కలోకి రావాలి. మధ్యాహ్నం రెండు దాటాక కౌంటర్‌లో పగటి టికెట్ అమ్మడమే ఆపించాను. ఆ తర్వాత వచ్చినవాళ్లకు నైట్ టికెట్ గురించి చెప్పడం, వద్దంటే ఇంకో రోజు రమ్మనడం.

2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ముఖ్యమైన సమాచారం దాచి అమ్మడం తప్పు. 2023లో కేంద్రం తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను తప్పుదారి పట్టించే ఎత్తుగడలు) మార్గదర్శకాలు, చివరి పేజీలో ఛార్జీలు కలిపే పద్ధతిని పేరు పెట్టి నిషేధించాయి. లాకర్, స్విమ్మింగ్ డ్రెస్ అద్దెలు మొదటి పేజీలోనే చూపించడానికి ఈ మాట చాలింది.

రెండో విడత

కొత్త పద్ధతిలో నడిచాక ఐదింటి గేటు గొడవలు దాదాపు ఆగిపోయాయి. ఈవెంట్ ఉన్న మామూలు వారపు రోజులకు విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి స్కూల్ గ్రూపులు అడిగి మరీ బుక్ చేసుకున్నాయి. ఊళ్లోవాళ్లలో నాలుగు లోపు బ్యాండ్ మార్చుకునేవాళ్లు మేం అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చారు. పగలు, రాత్రి కలిపి ఒకే షీట్‌లో లెక్క రాస్తున్నారు, ఈవెంట్ టీమ్ ఇన్సెంటివ్ కూడా ఆ షీట్ చివరి అంకె మీదే. నాకు ఎక్కువ తృప్తినిచ్చిన మార్పు ఇదే. అంతకు ముందు ఆ టీమ్‌కు పగటి నష్టంతో సంబంధమే ఉండేది కాదు.

తేలనిది ఒకటుంది. ఈవెంట్ శనివారాలకు కూడా పెంచాలని యజమాని పట్టుదల. శనివారం పగలు వచ్చేవాళ్లలో ఊళ్లోవాళ్ల వాటా ఎక్కువ, బస్సులు తక్కువ. అంటే కత్తిరించే ప్రతి గంటా ఖరీదైనదే, తగ్గించిన టికెట్‌తో నింపడానికి గ్రూపులూ దొరకవు. శనివారం ఐదుకు మూయకుండా, మామూలుగా ఏడుకే మూసి ఏడున్నర నుంచి పది దాకా చిన్న ఈవెంట్ పెట్టి చూడమన్నాను. రెండున్నర గంటలకు టికెట్ ఎంత పలుకుతుందో డిసెంబరు శనివారాల లాకర్ల పుస్తకం వచ్చాక లెక్క వేస్తాం.